తిన్నింటి వాసాలు

ఉద్యమానికి డబ్బెక్కడిది? ఈ ప్రశ్నని మన దగ్గర ఎక్కువగా ఇద్దరే అడుగుతారు. ఒకరు పోలీసులు, ఇంకొకరు మనమంటే గిట్టనివాళ్లు. ఇద్దరికీ జవాబుతో పనిలేదు, అడగడంతోనే వాళ్ల పనైపోతుంది. అందుకే ఆ మాట వినగానే మనం మండిపడతాం. మండిపడటం న్యాయమే. కాని ఆ కోపంలో అసలు ప్రశ్నని కూడా పారేసుకున్నాం. బస్తీలో పదిమంది కూర్చుని ఒక సంఘం పెట్టుకుంటే షామియానాకి, మైకుకి, కరపత్రానికి, కలెక్టరాఫీసు చుట్టూ తిరగడానికి, కోర్టు వాయిదాకి, ఆ రోజు పోయిన కూలికి డబ్బు కావాలి. అది ఎవరిస్తారు? ఇచ్చి ఏమడుగుతారు? తీసుకున్నాక మన మాట ఎట్లా మారుతుంది? భాష గురించి, వేషం గురించి, పేర్ల గురించి మన అస్తిత్వ చర్చల్లో ఎంత మాట్లాడుకున్నామో అందులో పదోవంతు కూడా దీని గురించి మాట్లాడుకోలేదు.

ఈ విషయంలో రెండు పుస్తకాల్ని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకటి అమెరికాది. తెల్లజాతికి చెందని స్త్రీలు పెట్టుకున్న ‘ఇన్‌సైట్’ అనే సంఘం 2007లో తెచ్చిన వ్యాస సంకలనం ‘ది రివల్యూషన్ విల్ నాట్ బి ఫండెడ్’. విప్లవానికి ఏ ఫండింగూ రాదని దాని సారాంశం. రెండోది మన దేశానిది. రాజస్థాన్‌లోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ సహచరులతో కలిసి అరుణా రాయ్ రాసిన ‘ది ఆర్‌టిఐ స్టోరీ’, 2018లో వచ్చింది. మొదటిది దాత చెయ్యి ఎట్లా పనిచేస్తుందో చెప్తుంది. రెండోది ఆ చెయ్యి పట్టుకోకుండా ఎట్లా నడవొచ్చో చూపిస్తుంది. రెండూ నిజాయితీ ఉన్న పుస్తకాలే. కాని రెండింట్లోనూ మన బస్తీ లేదు. ఆ లేకపోవడమే నా ఫిర్యాదు, ఈ వ్యాసానికి కారణం కూడా అదే.

మొదటి పుస్తకం వెనక ఒక సంఘటన ఉంది. 2004లో ఫోర్డ్ ఫౌండేషన్ ‘ఇన్‌సైట్’ సంఘానికి లక్ష డాలర్ల గ్రాంటు ఇస్తామని చెప్పి, తర్వాత వెనక్కి తీసుకుంది. పనిలో లోపం కారణం కాదు, లెక్కల్లో తేడా కారణం కాదు. పాలస్తీనా ప్రజల విముక్తికి మద్దతుగా ఆ సంఘం ఒక ప్రకటన చేసి ఉంది. అంతే. తమ మీద జరిగే హింస గురించి మాట్లాడితే డబ్బిస్తారు, ఇంకొకరి మీద జరిగే హింస గురించి మాట్లాడితే తీసేస్తారు. దీన్ని మనకంటే బాగా ఎవరు అర్థం చేసుకోగలరు? మన నోటికి కూడా ఇట్లాంటి గీతలే గీస్తుంటారు. చదువు గురించి మాట్లాడు, ఆరోగ్యం గురించి మాట్లాడు, తలాక్ గురించి ఇంకా గట్టిగా మాట్లాడు, కాని ఎన్‌కౌంటర్ గురించి, జైల్లో మగ్గుతున్న పిల్లల గురించి మాత్రం వద్దు.

ఆ సంకలనంలోని వ్యాసాలు ఈ ఒక్క సంఘటన దగ్గర ఆగిపోలేదు. డబ్బు ఎట్లా మనిషిని మారుస్తుందో వరసగా విప్పాయి. గ్రాంటుకి గడువుంటుంది. గడువు లోపల చూపించగలిగిన పనినే ఎంచుకోవాలి. చూపించగలిగేది లెక్కపెట్టగలిగేదై ఉండాలి. ఎన్ని మీటింగులు, ఎంతమంది హాజరు, ఎన్ని ఫొటోలు. భయం పోయిందా లేదా అనేది ఏ గడిలోనూ పట్టదు. మెల్లగా కార్యకర్త ఉద్యోగి అవుతాడు, సభ్యుడు లబ్ధిదారుడవుతాడు, పోరాటం ప్రాజెక్టవుతుంది. రిపోర్టు పైకి పోతుంది, ఇంగ్లీషులో పోతుంది. ఎవరి గురించి రాశారో వాళ్లు దాన్ని ఎప్పటికీ చదవలేరు. ఎవరూ బెదిరించనక్కర్లేదు. జీతం ఆగిపోతుందనే ఊహ చాలు, నాలుక దానంతటదే మడత పడుతుంది.

ఇంతవరకూ ఒప్పుకోవాల్సిందే. కాని డబ్బు తీసుకున్న ప్రతిచోటా ఉద్యమం చచ్చిపోయిందనే తీర్పు చరిత్రకి సరిపోదు. ఆ సంకలనంలోనే రాబర్ట్ అలెన్ రాసిన భాగం ఒకటుంది, 1969 నాటి ఆయన పుస్తకంలోంచి తీసుకున్నది. 1966 జూలైలో క్లీవ్‌లాండ్‌లోని హఫ్ అనే నల్లవాళ్ల బస్తీ తగలబడింది. ఆ మరుసటేడు, 1967లో, ఫోర్డ్ ఫౌండేషన్ ఆ ఊళ్లో ‘కోర్’ అనే నల్లజాతి హక్కుల సంఘానికి లక్షా డెబ్భై అయిదు వేల డాలర్లు ఇచ్చింది. అందులో ఒక పని ఓటర్ల నమోదు. ఆ నవంబర్‌లో కార్ల్ స్టోక్స్ గెలిచాడు. అమెరికాలో ఒక పెద్ద నగరానికి మొదటి నల్లజాతి మేయర్ అతనే. నిప్పుని చల్లార్చడానికి, కోపాన్ని కుర్చీల వైపు మళ్లించడానికి ఇచ్చిన డబ్బు ఇది అంటాడు అలెన్. ఆయన మాటలో బలం ఉంది. కాని ఆ తర్వాతేమైంది? 1969లోనే అమెరికా పార్లమెంటు పన్నుల చట్టాన్ని మార్చింది. ఫౌండేషన్లు ఒకే ఊరిని పట్టుకుని ఓటర్ల నమోదుకి డబ్బు పెట్టే దారి మూసేసింది. అట్లా పెట్టాలంటే ఆ పని కనీసం 5 రాష్ట్రాల్లో నడవాలని షరతు పెట్టింది. అలెన్‌కి పలుపుతాడుగా కనిపించిన డబ్బు చట్టసభలో కూర్చున్నవాళ్లకి ప్రమాదంగా కనిపించింది. ఇద్దరూ చూసింది ఒకే డబ్బుని. కాబట్టి డబ్బిచ్చినవాడి ఉద్దేశం ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదు. తీసుకున్నవాళ్ల వెనక ఎంతమంది ఉన్నారన్నది కూడా నిర్ణయిస్తుంది.

మన నెల్లూరే దీనికి సాక్ష్యం. 1990ల మొదట్లో అక్కడ అక్షరదీపం నడిచింది ప్రభుత్వ డబ్బుతో. ఆడవాళ్లకి అక్షరాలు నేర్పడం దాని పని. చదువుకునే వాచకంలో సీతమ్మ కథ వచ్చింది, సారా మాట వచ్చింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. సారా వేలంపాటల మీద ఖజానా నింపుకున్న ప్రభుత్వం, తన డబ్బుతోనే తన ఆదాయానికి ఎసరు తెచ్చుకోవాలనుకుందా? అనుకోలేదు. పాఠం ఒకరు రాశారు, అర్థం ఇంకొకరు చెప్పుకున్నారు. రాత్రిబడిలో కలుసుకోవడానికి వాళ్లకొక చోటు దొరికింది. ఆ చోటుకి వచ్చినవాళ్లు లబ్ధిదారులుగా మిగిలిపోలేదు.

సంకలనం మీద నాకున్న పెద్ద పేచీ వేరే ఉంది. విదేశీ నిధుల మీద విమర్శని మన దేశంలో ఎవరు వాడుకుంటారన్న ఆలోచన దాన్ని మెచ్చుకునే మనవాళ్లలో కనపడదు. స్వచ్ఛంద సంస్థలు సామ్రాజ్యవాద వ్యూహమని ప్రకాశ్ కారత్ 1984లో రాశారు. అంతకుముందే, 1982లో ఇందిరాగాంధీ ప్రభుత్వం గాంధేయ సంస్థల మీద కుదాల్ కమిషన్ వేసింది. విదేశీ విరాళాల చట్టం పుట్టిందే ఎమర్జెన్సీలో, 1976లో. 2010లో దాని బదులు కొత్త చట్టం వచ్చింది. దాని కింద రాసిన నిబంధనల్లో బంద్, హర్తాళ్, రాస్తారోకో, జైల్ భరో చేసే సంస్థలు రాజకీయ సంస్థల లెక్కలోకి పోయాయి. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనని కుదించాల్సి వచ్చింది. ఎన్నికల రాజకీయంతో సంబంధం లేకుండా ప్రజల కోసం రోడ్డెక్కినంత మాత్రాన రాజకీయ సంస్థ కాదని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో చట్టాన్ని ఇంకా బిగించారు. విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని ఇంకొక సంస్థకి ఇవ్వకూడదు. పాలనా ఖర్చు సగం దాకా ఉండొచ్చన్నది 20 శాతానికి దిగింది. దెబ్బ ఎవరి మీద పడింది? ఢిల్లీలో ఆఫీసున్న పెద్ద సంస్థ తట్టుకుంటుంది. దాని దగ్గర తీసుకుని జిల్లాలో ఇద్దరు కార్యకర్తలకి జీతమిచ్చే చిన్న సంఘం మూతపడుతుంది.

ముస్లిం సంఘానికైతే అనుమానం రెండింతలు. ఎవరైనా రెండు గదుల బడి కట్టినా ‘గల్ఫ్ డబ్బు’ అంటారు. అవును, గల్ఫ్ డబ్బే. జెద్దాలో డ్రైవరీ చేసి, దుబాయిలో ఇటుకలు మోసి, ఆరుగురు ఒక గదిలో పడుకుని మిగిల్చిన డబ్బు. భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపింది చట్టం ప్రకారం విదేశీ విరాళమే కాదు. ఈ సంగతి మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? తెలియదు కాబట్టి భయపడి, దొంగసొమ్ము మాదిరిగా లెక్క రాయకుండా ఖర్చుపెడతారు. లెక్క లేకపోవడమే రేపు కేసవుతుంది.

మరి కంపెనీల డబ్బు? 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం మీద పెట్టాలి. దేని మీద పెట్టొచ్చో చట్టంలోనే జాబితా ఉంది. బడి, ఆసుపత్రి, మరుగుదొడ్లు, మొక్కలు అన్నీ ఉన్నాయి. మనిషి నిలబడి అడగడం నేర్చుకునే పని అందులో పేరు పెట్టి లేదు. సర్కారు డబ్బు సంగతి మన పిల్లలు కళ్లారా చూశారు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022లో ఆపేశామన్నారు. 1989లో పెట్టిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ని మూసెయ్యమని 2024లో కాగితం వచ్చింది. నిధి ఆగితే అడగడానికి మన దగ్గర సంఘమే లేదు. సంఘానికి ఎవరూ నిధి ఇవ్వలేదు గనక.

ఇక రెండో పుస్తకం. 1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వాళ్లు దేవ్‌డుంగ్రీ అనే పల్లెలో మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. 1990 మే డే నాడు సంఘటన్ పుట్టింది. సంస్థల నిధులు వద్దనుకున్నారు. వ్యక్తులిచ్చే చందాలు తీసుకున్నారు. పూర్తికాలం కార్యకర్తలు ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలినే తమ భత్యంగా పెట్టుకున్నారు. 1994 డిసెంబర్‌లో కోట్ కిరానాలో మొదటి జన్ సున్వాయీ జరిగింది. పంచాయతీ మస్టర్ రోళ్లు జనం ముందు చదివారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. పల్లెల నుంచి ధాన్యం వచ్చింది, ఊళ్లో కూరగాయలమ్మేవాళ్లు కూరలిచ్చారు. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ అన్న ఒక్క నినాదం చివరికి 2005లో దేశానికి సమాచార హక్కు చట్టం తెచ్చింది.

ఈ కథలో పేదరికాన్ని మెచ్చుకోవడం దగ్గరే ఆగిపోతే పుస్తకాన్ని చదవనట్టే. అసలు బలం ఎక్కడుందంటే, సర్కారుని లెక్క అడిగినవాళ్లు ముందు తమ లెక్క చూపించగలిగారు. ఫలానా దేశం డబ్బు, ఫలానా కంపెనీ డబ్బు అని నోరు మూయించడానికి అవతలివాడికి చేతికేమీ దొరకలేదు. అడిగే హక్కుకి అది పునాది.

కాని ఇక్కడ ఒక మాట అనక తప్పదు. కనీస కూలితో బతకడం ఐఏఎస్ వదిలేసి వచ్చినవారికి త్యాగం. బీడీలు చుట్టే ఖాజాబీకి అది పెరిగిన జీతం. పల్లెలో ధాన్యం ఉంటుంది గనక గంపెడు గింజలు చందా ఇవ్వగలిగారు. అద్దె గదిలో ఉండి, పొద్దున ఆటో తోలితే సాయంత్రం పొయ్యి వెలిగే ఇంట్లో ఏం ఇస్తారు? ఒక్కరోజు ధర్నా అంటే ఒక్కరోజు పస్తు. స్వచ్ఛమైన పేదరికాన్ని ఉద్యమానికి ముందు షరతుగా పెడితే, నిజంగా పేదలైనవాళ్లే నాయకత్వంలోకి రాలేరు. శంకర్ సింగ్ మాదిరి స్థానికులు ఆ సంఘటన్‌కి ప్రాణం పోశారన్నది నిజం. అయినా ఈ ప్రశ్నకి పుస్తకంలో నాకు జవాబు దొరకలేదు.

జవాబు కొంత మాంట్‌గోమరీలో ఉంది. 1955-56లో నల్లవాళ్లు 381 రోజులు బస్సులెక్కకుండా ఉన్నారు. కార్లు తిప్పాలి, పెట్రోలు పొయ్యాలి. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి, ఇళ్లల్లో పనిచేసే ఇంకొందరు ఆడవాళ్లు కోడిమాంసం వేయించి, కేకులు చేసి అమ్మి, వచ్చింది సభలో ఇచ్చేవాళ్లు. తమ జట్టుకి ‘ఎక్కడిదీ కాని క్లబ్’ అని పేరు పెట్టుకున్నారు. డబ్బెక్కడిదంటే ఎక్కడిదీ కాదు. పేరు బయటపడితే యజమాని పని తీసేస్తాడు. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ ఉద్యోగం పోనే పోయింది. పేదవాళ్లు ఉద్యమానికి డబ్బివ్వలేరనేది అబద్ధం. వాళ్లివ్వగలిగినట్టు ఎవరో ఒకరు ఏర్పాటు చెయ్యాలి, అంతే.

ఆ ఏర్పాటు మన దగ్గర లేదా? ఇవ్వడంలో మనం పేదవాళ్లం కాము. జకాత్ ఉంది, ఫిత్రా ఉంది, సదఖా ఉంది, ఖుర్బానీ తోళ్ల డబ్బుంది, జుమ్మా నాడు తుండుగుడ్డ పరిచి పట్టే చందా ఉంది. జనాజాకి ఎవరూ ఆగరు, ఆడపిల్ల షాదీకి ఎవరూ ఆగరు. ఆగేది ఒక్క చోటే. రేషన్ డీలర్ మీద దరఖాస్తు పెట్టడానికి, శ్మశానం కబ్జా చేసినవాడి మీద కేసు వెయ్యడానికి, బీసీ-ఇ సర్టిఫికెట్ ఇవ్వని ఆఫీసు ముందు కూర్చోవడానికి చందా అడిగితే ‘ఇది సియాసత్ భాయ్, ఇందులో సవాబ్ ఏముంది’ అంటారు.

రెండు భాషల మధ్య బతికేవాణ్ని గనక మాటల దగ్గర ఆగిపోతాను. జకాత్ తీసుకునే మనిషిని ఉర్దూలో ముస్తహిఖ్ అంటారు. ఆ మాటలో హఖ్ ఉంది. హక్కున్నవాడు అని అర్థం. తెలుగులో లబ్ధిదారుడంటాం. దొరికితే తీసుకునేవాడు. మన మతం పెట్టిన పేరు హక్కుదారుడు, మన ఆచరణ మాత్రం వాణ్ని ఖైరాత్ వరసలో నిలబెడుతుంది. రమజాన్‌లో చీకటితో లేచి కూపన్ పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లని, సంచి అందిస్తూ ఫొటో దిగే పెద్దమనుషుల్ని చూడండి. హఖ్ ఎవరిది, అదబ్ ఎవరిది?

ఉలమాలు ఒక అభ్యంతరం చెప్తారు. జకాత్ సొమ్ము ఒక పేదవాడి చేతికి సొంతంగా దక్కాలి, దాన్ని తమ్లీక్ అంటారు, సంఘం ఖర్చులకి అది చెల్లదు అంటారు. ఈ షరతుని నేను ఎగతాళి చెయ్యను. పేదవాడి పేరు చెప్పి మేడలు కట్టుకునేవాళ్ల నుంచి పేదవాణ్ని కాపాడటానికి పెట్టిన కంచె అది. కాని ఖురాన్ చెప్పిన 8 వర్గాల్లో బానిసత్వం నుంచి విడిపించడం ఉంది, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఉన్నారు, జకాత్ వసూలు చేసి పంచే పనివాళ్ల కూలి కూడా ఉంది. అల్లా దారిలో అన్న మాటకి విశాలమైన అర్థం చెప్పిన యూసుఫ్ ఖర్జావీ వంటి పండితులూ ఉన్నారు. తీర్పు చెప్పడం నా పని కాదు. జకాత్‌ని అట్లాగే ఉంచుదాం. సదఖాకి, చందాకి ఈ షరతు లేదు కదా! అదెందుకు సంఘాలకి రావడం లేదు?

రాకపోవడానికి కారణం మతం కాదు, అధికారం. ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది షరీఫ్ ఖాందాన్ల పెద్దలు, వ్యాపారులు, కమిటీ సదర్‌లు. తీసుకునేవాళ్లు దూదేకులవాళ్లు, ఫకీర్లు, రాళ్లు కొట్టేవాళ్లు, మగదిక్కు లేని ఆడవాళ్లు. అన్నం పెడితే దుఆ చేస్తారు. సంఘం పెడితే ముందు పక్క గల్లీలో ఉన్న వక్ఫ్ దుకాణాల కిరాయి ఎంత, ఎవరు తింటున్నారు అని అడుగుతారు. 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. దేశంలో 4.9 లక్షల పైచిలుకు వక్ఫ్ ఆస్తులు, 6 లక్షల ఎకరాల భూమి, పుస్తకాల్లో విలువే 6 వేల కోట్లు. వాటి మీద వస్తున్నది ఏడాదికి 163 కోట్లు, అంటే 2.7 శాతం. ఏ ఫోర్డ్ ఫౌండేషన్ అవసరం లేకుండా మన తాతలు మనకి ఒక ఫౌండేషన్ వదిలిపోయారు. దాన్ని బయటివాళ్లు తిన్నారు, సర్కారు తిన్నది, మనవాళ్లూ తిన్నారు. మనవాళ్ల సంగతి ఎత్తితే శత్రువుకి ఆయుధమిస్తున్నావంటారు. 2025లో వక్ఫ్ చట్టాన్ని మార్చినప్పుడు సర్కారు చేతికి దొరికిన సాకు ఏమిటి? లెక్క లేకపోవడమే కదా! లోపలి మనిషి అడగాల్సిన లెక్కని లోపల అడగనియ్యకపోతే బయటివాడు తన లాభానికి అడుగుతాడు.

తెలుగులో తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. ఉర్దూలో నమక్ హలాలీ అంటారు. రెండూ మనల్ని కృతజ్ఞత పేరుతో కూర్చోబెట్టే మాటలే. సంఘం పని వాసాలు లెక్కపెట్టడమే. ఏ వాసం పుచ్చింది, ఏది ఎవరు పీక్కుపోయారు, కప్పు ఎవరి నెత్తిన పడుతుంది అని చూడటమే. ఆ పని చెయ్యనియ్యని అన్నం విదేశానిదైనా, కంపెనీదైనా, సర్కారుదైనా, మన సదర్ సాబ్‌దైనా ఒకటే. చెయ్యనిచ్చే డబ్బు ఎవరిదైనా దాన్ని చూసి వణకాల్సిన పని లేదు.

ఇన్‌సైట్ స్త్రీలు డబ్బిచ్చేవాణ్ని అనుమానించమన్నారు. దేవ్‌డుంగ్రీ మనుషులు తమ లెక్క తాము చూపించమన్నారు. మన బస్తీ ఈ రెండింటికీ ఒకటి కలపాలి. చందా ఇచ్చినవాడు ఎంత చిన్నవాడైనా సంఘంలో సభ్యుడు కావాలి, తీసుకున్నవాడు ఎంత పేదవాడైనా నిర్ణయంలో కూర్చోవాలి. బయటి నిధి వస్తే రానీ. అది రేపు ఆగిపోయినా సంఘం ఎల్లుండి మీటింగు పెట్టుకోగలిగినంతే తీసుకోవాలి. లెక్క దాతకి ఇంగ్లీషులో పోయేముందు గల్లీలో ఉర్దూలో, తెలుగులో చదవాలి. చదువు రానివాళ్లకి వినిపించాలి, వాళ్ల ప్రశ్నలు అయ్యేదాకా లేవకూడదు.

నెలకి ఇంటికి పది రూపాయలు చాలా తక్కువని నవ్వేవాళ్లుంటారు. పది రూపాయలిచ్చిన ఆడమనిషి రసీదు అడుగుతుంది. వచ్చే నెల ఏం చేశారని అడుగుతుంది. ఆమెకి జవాబు చెప్పడం అలవాటైన సంఘం ఎవరికైనా జవాబు చెప్పగలదు, ఎవరినైనా జవాబు అడగగలదు. డబ్బెక్కడిదని పోలీసు వచ్చి అడిగినప్పుడు అతని ముందు పెట్టాల్సింది ఆ రసీదు పుస్తకమే.